దదాబ్‌లో చీటీ, హవాలా, అరువు: శరణార్థులే శరణార్థులకు ఆసరా అయ్యే తీరు

సంక్షిప్తంగా: అంతర్జాతీయ సాయం తగ్గిన ప్రతిసారీ శరణార్థులు ఒకరినొకరు ఆదుకుంటారన్న మాట వినిపిస్తుంది. కెన్యాలోని సొమాలీ శరణార్థుల మూడు దశాబ్దాల అనుభవం చూస్తే ఆ మాట నిజమే. అయితే ఆ ఆసరా గాల్లో పుట్టదు. రేషన్ గింజలు, విదేశాల్లోని బంధువుల జీతాలు, శిబిరం దాటి వెళ్లి పని చేసుకునే వీలు దానికి పెట్టుబడి. ఈ మూడింటిలో ఏది తగ్గినా పరస్పర సాయం కూడా కుంగిపోతుంది.

2025లో శరణార్థి శిబిరాల నుంచి వచ్చిన వార్తలన్నీ కోతల వార్తలే. జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఆపేసింది. ఆ సాయాన్ని పంచే అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్ఎయిడ్ జులై 1కల్లా మూతపడింది. బంగ్లాదేశ్‌లోని రోహింగ్యాలకు మనిషికి నెలకు ఇచ్చే 12.50 డాలర్ల ఆహార సాయాన్ని 6 డాలర్లు చేస్తామని మార్చిలో ప్రపంచ ఆహార కార్యక్రమం ప్రకటించింది. తర్వాత నిధులు అందడంతో 12 డాలర్ల దగ్గర ఆగింది. అదే నెలలో కెన్యాలోని కకూమా శిబిరంలో రేషన్ కోతను నిరసిస్తూ శరణార్థులు రోడ్డెక్కారు.

ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ లెక్క ప్రకారం 2024 చివరికి ప్రపంచంలో 12.32 కోట్ల మంది బలవంతంగా ఇల్లు వదిలిపెట్టాల్సి వచ్చినవాళ్లు. వాళ్లలో 7.35 కోట్ల మంది సొంత దేశం సరిహద్దు కూడా దాటలేదు. ఇంతమందికి రేషన్ తగ్గితే ఏమవుతుందన్న చర్చలో రెండు వాదనలు వినిపిస్తున్నాయి. సంస్థలు చేయి తీసేస్తే వీళ్లంతా ఆకలితో పోతారన్నది ఒకటి. వీళ్లు తమలో తాము సర్దుకుంటారు, ఇన్నేళ్లు పోషించడమే ఎక్కువన్నది రెండోది. మొదటి వాదన శిబిరం లోపల ఏం జరుగుతోందో చూడదు. రెండోది, అది దేని ఆధారంతో జరుగుతోందో చూడదు.

ఈ విషయం అర్థం కావడానికి దదాబ్‌ను మించిన చోటు అరుదు. సొమాలియా సరిహద్దుకు దగ్గర్లో, కెన్యాలోని గారిస్సా ప్రాంతంలో 1991లో మొదలైన శిబిరాల సముదాయం అది. ఇఫో, దగహలే, హగదెరా అనేవి అందులో పాత శిబిరాలు. 90,000 మంది కోసం వేసిన ఆ శిబిరాల్లో 2011 కరువు నాటికి దాదాపు 5 లక్షల మంది చేరారు. అక్కడే పుట్టి, అక్కడే పెళ్లిచేసుకుని, అక్కడే పిల్లల్ని కన్నవాళ్లు ఉన్నారు.

ముందొచ్చినవాళ్లే మొదటి దిక్కు

2011 జులైలో సొమాలియాలో కొన్ని ప్రాంతాలను క్షామపీడిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ నెలల్లో దదాబ్‌కు ఒక దశలో రోజుకు వెయ్యి మందికి పైగా వచ్చారు. రోజుల తరబడి నడిచి వచ్చినవాళ్లకు వెంటనే రేషన్ కార్డు రాలేదు. పేరు నమోదుకు వారాలు పట్టింది. శిబిరాల్లో చోటు చాలక అంచుల్లోని ఇసుకలో ముళ్లకొమ్మలు వంచి, పైన గుడ్డలు కప్పుకుని గుడిసెలు వేసుకున్నారు.

ఆ మధ్యకాలంలో వాళ్లకు అన్నం పెట్టిందెవరన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. కొత్తగా వచ్చిన కుటుంబం ముందు వెతికేది తమ ఊరివాళ్లను, తమ వంశంవాళ్లను. ఆఫీసును వెతకడం ఆ తర్వాత. పాత శరణార్థులు తమ రేషన్‌లోంచే జొన్నలు, పిండి, నూనె పంచారు. మసీదుల్లో బట్టలు, డబ్బు పోగుచేశారు. నమోదు కేంద్రం ఎక్కడుందో, ఏ కాగితం పారేయకూడదో, పిల్లవాడికి విరేచనాలైతే ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలో చెప్పిందీ వాళ్లే. సంస్థల లెక్కల్లో ఈ తిండి ఎక్కడా కనిపించదు. ఒక కుటుంబానికి ఐదుగురి రేషన్ ఇచ్చినట్టు రాసి ఉంటుంది. ఆ గింజలు ఎనిమిది మంది తిన్నట్టు ఎక్కడా రాసి ఉండదు.

సమాచారాన్ని కూడా తిండితో సమానంగా లెక్కించాలి. సెల్‌ఫోన్లు రాకముందు దదాబ్‌లో 'తార్' అని పిలుచుకునే రేడియో సెట్లు ఉండేవి. వాటి దగ్గర కూర్చుని సొమాలియాలోని ఊళ్లతో, నైరోబీతో మాట్లాడేవాళ్లు. ఎవరు బతికున్నారు, దారిలో ఎక్కడ దోపిడీలు జరుగుతున్నాయి, ఎవరి డబ్బు వచ్చింది అన్నవన్నీ ఆ రేడియోల ద్వారానే తెలిసేవి. తెలుగువాళ్లు ఒకప్పుడు టెలిగ్రాంను తంతి అన్నట్టు, హిందీవాళ్లు తార్ అన్నట్టు, సొమాలీలకు అది తార్. భద్రత పేరుతో అధికారులు వాటిని మూయించిన సందర్భాలున్నాయి. అప్పుడు మాటతో పాటు డబ్బు రాకా ఆగిపోయేది.

అయూటో: పేరులోనే సాయం

సొమాలీ మహిళల మధ్య నడిచే పొదుపు బృందాన్ని అయూటో అంటారు, కొన్నిచోట్ల హగ్‌బద్ అంటారు. అయూటో ఇటాలియన్ నుంచి వచ్చిన మాట. దక్షిణ సొమాలియా ఇటలీ వలసగా ఉన్న కాలం వదిలిపెట్టి వెళ్లిన ఆ మాటకు అర్థం 'సాయం'.

తెలుగు పాఠకులకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ఇది చీటీయే. ఉదాహరణకు, పన్నెండు మంది ఆడవాళ్లు నెలకు తలా 500 కెన్యా షిల్లింగులు వేస్తే 6,000 పోగవుతుంది. ఆ మొత్తం ఒక నెల ఒకరికి, మరుసటి నెల మరొకరికి. పన్నెండు నెలల్లో అందరి వంతూ వస్తుంది. టీ అమ్మే మనిషికి ఆ 6,000తో ఫ్లాస్కులు, చక్కెర బస్తా వస్తాయి. పాలమ్మే మనిషికి ఒక మేక పిల్ల రావచ్చు.

మన చీటీకి, అయూటోకి ఒక ముఖ్యమైన తేడా ఉంది. మన దగ్గర చీటీ పాడతారు. అవసరం ఎక్కువున్నవాళ్లు తక్కువకు పాడుకుని ఎత్తుకుంటారు, వాళ్లు వదులుకున్నది మిగతావాళ్లకు లాభం. అంటే అవసరానికి ధర ఉంటుంది. అయూటోలో పాట లేదు. వడ్డీ ఇస్లాంలో నిషేధం కాబట్టి, ఎవరు ఎంత వేస్తే అంతే వస్తుంది. వంతు ఎవరిదన్నది మాటామాటా అనుకుని గానీ, చీటీలు తీసి గానీ తేలుస్తారు. ఎవరింట్లోనైనా కాన్పు ఉన్నా, జబ్బు ఉన్నా వంతు మార్చి వాళ్లకు ముందు ఇచ్చే వీలుంటుంది. ఇక్కడ అవసరానికి ధర కట్టరు, ముందు వరస ఇస్తారు.

మరి ఎగ్గొడితే? కోర్టు లేదు, నోటు లేదు. ఒకరిని బృందంలోకి తెచ్చినవాళ్లే వాళ్లకు హామీ. ఎగ్గొట్టిన మనిషికి ఇంకో బృందంలో చోటు దొరకదు. పెళ్లికి, చావుకు, జబ్బుకు తోడొచ్చేది ఆ మనుషులే కాబట్టి ఆ ఊళ్లో మాట పోగొట్టుకోవడం కంటే పెద్ద నష్టం లేదు. అధికారుల అనుమతి లేకుండా శిబిరం వదిలి కదలలేని పరిస్థితే ఆ హామీకి ఒక రకంగా బలం అయింది. బయట ఊళ్లలో చీటీ ఎత్తుకుని ఉడాయించినవాళ్ల కథలు మనకు తెలుసు. దదాబ్‌లో ఉడాయించడానికి చోటేది?

అయితే ఈ నెలసరి 500 ఎక్కడినుంచి వస్తుంది? చాలామందికి రేషన్‌లో కొంత అమ్మగా వచ్చిన డబ్బు, శిబిరంలోనే చేసే చిన్న పని, బయటి నుంచి బంధువులు పంపే మొత్తం. రేషన్ సరుకు అమ్ముకుంటున్నారని శరణార్థులను తప్పుపట్టే మాట తరచూ వినిపిస్తుంది. జొన్నలు, పిండి మాత్రమే ఇచ్చినప్పుడు పాలు, చక్కెర, కట్టెలు, సబ్బు, బడి నోటుపుస్తకం ఎలా కొంటారన్న దానికి ఆ అమ్మకమే సమాధానం. అందులోంచి మిగిల్చిందే చీటీ.

హవాలా: తాత పేరే గుర్తింపు కార్డు

మన వార్తల్లో హవాలా అంటే నల్లడబ్బు అనే అర్థమే స్థిరపడిపోయింది. 1991లో ప్రభుత్వంతో పాటు బ్యాంకులూ కూలిపోయిన దేశం నుంచి వచ్చినవాళ్లకు మాత్రం అది బ్యాంకు, పోస్టాఫీసు రెండూ.

పని చేసే తీరు ఇది. అమెరికాలో మినియాపొలిస్‌లోనో, లండన్‌లోనో ఉన్న అన్న అక్కడి ఏజెంటుకు 100 డాలర్లు ఇస్తాడు. దదాబ్‌లోని ఏజెంటుకు కబురు వెళ్తుంది. డబ్బు నిజంగా దేశాలు దాటాల్సిన పని లేదు. ఏజెంట్లు తమ మధ్య లెక్కను తర్వాత సరుకుల వ్యాపారం ద్వారానో, బ్యాంకు ద్వారానో సరిచేసుకుంటారు. ఇక్కడ చెల్లెలు వచ్చి డబ్బు అడిగితే ఆమె ఆమేనని ఎలా నమ్మాలి? చాలామంది దగ్గర పాస్‌పోర్టు లేదు, ఓటరు కార్డు లేదు. సొమాలీలకు ఇంటిపేర్లు ఉండవు. సొంత పేరు, తండ్రి పేరు, తాత పేరు వరసగా వస్తాయి. ఏజెంటు ఆ వరస అడుగుతాడు, వంశం అడుగుతాడు, ఆ వంశంలో ఏ శాఖో అడుగుతాడు. చిన్నప్పటి నుంచి వల్లెవేయించిన ఆ వంశవృక్షాన్ని బయటివాడు చెప్పలేడు. అనుమానం తీరకపోతే అదే వంశంలో తెలిసిన పెద్దను పిలిచి అడుగుతాడు. కాగితాలన్నీ పోగొట్టుకున్న మనుషులకు జ్ఞాపకమే గుర్తింపు పత్రం అయింది.

ఈ రంగంలో పెద్ద కంపెనీ అయిన దహబ్‌షీల్‌ను 1970లో ఉత్తర సొమాలియాలోని బురావ్ పట్నంలో మొదలుపెట్టిన వ్యాపారి కూడా 1988 యుద్ధంలో ఇథియోపియాకు పారిపోవాల్సివచ్చింది. చెదిరిపోయిన జనం మధ్య డబ్బు చేర్చడమే ఆ తర్వాత ఆ కంపెనీకి ప్రధాన వ్యాపారమైంది. 2007లో కెన్యాలో ఫోన్ ద్వారా డబ్బు పంపే ఎం-పేసా సేవ మొదలయ్యాక చివరి దూరం ఫోన్‌లోనే తీరిపోతోంది. అయినా పంపేది బంధువే, నమ్మకం కుటుంబానిదే.

ఈ దారి ఎంత సులభంగా తెగిపోతుందో మూడు సందర్భాల్లో తేలింది. 2001 నవంబరులో, సెప్టెంబరు 11 దాడుల తర్వాత, అల్ బరకాత్ అనే పెద్ద హవాలా సంస్థ ఆస్తులను అమెరికా స్తంభింపజేసింది. ఆ సంస్థ ఉగ్రవాదులకు డబ్బు చేర్చిందన్న ఆరోపణకు ఆధారం దొరకలేదని ఆ దాడులపై వేసిన కమిషన్ సిబ్బంది పరిశీలనలోనే తేలింది. ఈలోగా వేల కుటుంబాల నెలసరి డబ్బు ఆగిపోయింది. 2013లో బ్రిటన్‌లో బార్‌క్లేస్ బ్యాంకు దహబ్‌షీల్ ఖాతా మూసేస్తానంటే వ్యవహారం కోర్టు దాకా వెళ్లింది. 2015 ఏప్రిల్ 2న గారిస్సా విశ్వవిద్యాలయంలో ఉగ్రవాదులు 148 మందిని చంపారు. వెంటనే కెన్యా 13 సొమాలీ నగదు బదిలీ సంస్థల లైసెన్సులను ఆపేసి, జూన్‌లో తిరిగి ఇచ్చింది. భద్రత గురించిన భయం నిజమైనదే, పోయిన ప్రాణాలు నిజమైనవే. కానీ అన్ని సంస్థలనూ ఒక్కసారే మూసేస్తే ఆ భారం మోసేది నెలాఖరుకు డబ్బు కోసం ఎదురుచూసే ముసలి తల్లి.

మంచం కింద సరుకు

శిబిరాల నుంచి కొంతమంది అనుమతి ఉన్నా లేకపోయినా నైరోబీ చేరారు. అక్కడి ఈస్ట్‌లీ పేటలో గారిస్సా లాడ్జి అని ఒకటుండేది. 1990ల మొదట్లో యుద్ధం నుంచి వచ్చినవాళ్లు అందులో గదులు అద్దెకు తీసుకున్నారు. రాత్రి పడుకునే గదే పగలు దుకాణం. మంచం కింద బట్టల మూటలు, మంచం మీద పరిచిన సరుకు, గుమ్మం దగ్గర బేరం. దుబాయ్ నుంచి తెచ్చిన బట్టలు, ఎలక్ట్రానిక్ సామాను చవగ్గా దొరుకుతున్నాయని జనం ఎగబడ్డారు. కొన్నేళ్లకు లాడ్జి పూర్తిగా షాపింగ్ మాల్ అయిపోయింది. దాన్ని చూసి చుట్టుపక్కల మరెన్నో మాల్స్ లేచాయి.

ఈ వ్యాపారానికి పెట్టుబడి బ్యాంకు నుంచి రాలేదు. అరువుగా ఇచ్చిన సరుకు, బంధువుల వాటాలు, అయూటో మొత్తాలు కలిసి అయింది. దుబాయ్‌లోని బంధువు సరుకు పంపితే, ఇక్కడ అమ్మిన తర్వాతే డబ్బు. దదాబ్ అంగళ్లకు సరుకు ఈస్ట్‌లీ నుంచి అరువు మీదే వెళ్లేది. అక్కడి అంగడి యజమాని మళ్లీ తన ఖాతాదారులకు పద్దు రాసుకుని ఇచ్చేవాడు. అంటే శిబిరంలో ఒక తల్లి అరువు తెచ్చుకున్న చక్కెర వెనక నైరోబీ, దుబాయ్ దాకా సాగిన నమ్మకం ఉంటుంది. కకూమాపై ప్రపంచ బ్యాంకు బృందంలోని అంతర్జాతీయ ఫైనాన్స్ కార్పొరేషన్ 2018లో విడుదల చేసిన అధ్యయనం అక్కడ 2,000కు పైగా వ్యాపారాలున్నాయని, ఏటా సుమారు 5.6 కోట్ల డాలర్ల వినియోగం జరుగుతోందని లెక్కకట్టింది. ఎవరో పెడితే తినేవాళ్లని మనం అనుకునే చోట ఉన్న బజారు అది.

సంస్థలు వెళ్లిపోయిన నెలల్లో

2011 అక్టోబరు 13న దదాబ్‌లో ఒక వైద్య సేవా సంస్థకు చెందిన ఇద్దరు స్పెయిన్ మహిళలను దుండగులు ఎత్తుకుపోయారు. ఆ తర్వాత బాంబు పేలుళ్లు జరిగాయి. సంస్థల వాహనాలు చాలావరకు ఆగిపోయాయి, బయటి సిబ్బంది తగ్గిపోయారు. కరువు నుంచి వచ్చినవాళ్లు ఇంకా కోలుకోని సమయమది.

అప్పుడు ఆరోగ్య కేంద్రాలు, నీటి పంపులు, రేషన్ పంపిణీ ఆగకుండా చూసింది అప్పటికే ఆ సంస్థల కింద పనిచేస్తున్న శరణార్థులు. వాళ్లను 'ఇన్సెంటివ్ వర్కర్లు' అంటారు. శరణార్థి జీతం తీసుకోవడానికి అనుమతి ఉండేది కాదు కాబట్టి ఇచ్చేదాన్ని ప్రోత్సాహకం అన్నారు. అదే పని చేసే కెన్యా ఉద్యోగి జీతంలో అది చాలా చిన్న భాగం. మందులిచ్చే నర్సు, బళ్లో పాఠం చెప్పే టీచరు, రాత్రి కాపలా తిరిగే యువకులు అందరూ ఆ చిన్న మొత్తం మీదే పనిచేశారు. దీనికి ప్రాణంతో మూల్యం చెల్లించినవాళ్లూ ఉన్నారు. పోలీసులకు సహకరిస్తున్నారన్న నెపంతో ఆ రోజుల్లో శరణార్థి నాయకులను కాల్చి చంపారు.

ఆడవాళ్ల విషయంలో పరస్పర రక్షణ అంతకంటే పాతది. 1990లలో కట్టెలకు అడవికి వెళ్లిన ఆడవాళ్లపై అత్యాచారాలు విపరీతంగా జరిగేవి. గుంపుగా వెళ్లడం, తిరిగి వచ్చిన ఆడమనిషిని ఆసుపత్రికి తోడు తీసుకెళ్లడం, ఆమెను ఇంటివాళ్లు వెలివేయకుండా మాట్లాడటం సాటి ఆడవాళ్లే చేశారు. సంస్థలు కట్టెల సరఫరా పథకం మొదలుపెట్టింది 1998లో.

వంశం గీసిన గీత

ఇంతవరకూ చెప్పింది వింటే శిబిరం పెద్ద ఉమ్మడి కుటుంబంలా కనిపిస్తుంది. నిజానికి ఈ ఆసరా చాలావరకు వంశం దారిలో నడుస్తుంది. ఎవరికైనా కష్టం వస్తే వంశంవాళ్లంతా తలాకాస్త వేసి ఆదుకునే పద్ధతిని సొమాలీలు ఖారాన్ అంటారు. పెద్ద వంశంలో పుట్టినవాడికి అది గట్టి గొడుగు. గొడుగు లేనివాళ్ల సంగతి?

సొమాలీ బంతు ప్రజలు ఇందుకు ఉదాహరణ. వీళ్లు ఎక్కువగా బానిస వ్యాపార కాలంలో ఆగ్నేయ ఆఫ్రికా నుంచి తెచ్చినవాళ్ల వారసులు, జూబా నది ఒడ్డున సేద్యం చేసుకుని బతికినవాళ్లు. సొమాలియాలోనూ చిన్నచూపే, దదాబ్‌లోనూ చిన్నచూపే. పెద్ద వంశాల నెట్‌వర్కులో వాళ్లకు చోటు లేదు, విదేశాల్లో డబ్బు పంపే బంధువులు లేరు. చివరికి 2002లో వేలమందిని కకూమాకు తరలించి, ఆ తర్వాత సుమారు 12,000 మందికి అమెరికా ఆశ్రయం ఇచ్చింది. బయటి ప్రపంచం తలుపు తీసింది సరిగ్గా ఆ లోపలి గొడుగు కింద చోటు లేనందువల్లే. సాయమంతా సముదాయం నాయకుల చేతుల్లో పెట్టేస్తే చాలు అనేవాళ్లు ఈ చరిత్ర గుర్తుపెట్టుకోవాలి.

రెండో సమస్య అప్పు. అంగడి అరువు రేషన్ మీద ఆశతోనే సాగుతుంది. కకూమాలో 2015 నుంచి కొంత ఆహార సాయాన్ని 'బంబా చకులా' పేరుతో ఫోన్‌కు పంపుతూ వచ్చారు. అరువిచ్చిన దుకాణదారుడు ఆ సిమ్ కార్డునో, బ్యాంకు కార్డునో తన దగ్గరే పెట్టుకుంటాడు. డబ్బు పడగానే బాకీ కింద జమచేసుకుని మళ్లీ సరుకు ఇస్తాడు. ఆ కుటుంబానికి ఇంకో దుకాణానికి వెళ్లే స్వేచ్ఛ పోతుంది. దీన్ని దోపిడీ అనేయడం తేలిక. కానీ పిల్లలకు జ్వరమొచ్చిన రోజు చేబదులిచ్చేవాడూ అతనే.

మూడోది పంపేవాళ్ల భారం. అమెరికాలో రాత్రి షిఫ్టుల్లో పనిచేసే యువకుడి జీతం మీద నలుగురైదుగురు బంధువుల ఇళ్లు ఆధారపడి ఉంటాయి. నెలాఖరున ఫోన్ మోగితే అతనికి టెన్షన్. ఎత్తకపోతే అవతల ఆకలి, ఎత్తితే ఇక్కడ అద్దె కట్టలేడు. అవతల శిబిరంలో విదేశానికి వెళ్లాలన్న తీరని ఆరాటానికి బూఫిస్ అని ఒక మాటే పుట్టింది. ఇంట్లో ఒక్కరు వెళ్లగలిగినా మిగతావాళ్లు బతుకుతారన్న లెక్క ఆ ఆరాటంలో ఉంటుంది. 2017లోనూ 2025లోనూ అమెరికా తలుపులు మూసినప్పుడు తెగింది ఆ లెక్క కూడా.

బర్మా క్యాంపు, బాలాపూర్

తెలుగువాళ్లకు ఈ చరిత్ర పరాయిది కాదు. కోరంగి రేవు నుంచి బయల్దేరి రంగూన్ ఓడరేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్లను బర్మాలో కోరంగీలనే పిలిచేవాళ్లు. కోస్తా పల్లెల్లో 'రంగం వెళ్లాడు' అంటే రంగూన్ వెళ్లాడని. 1942లో జపాన్ దాడితో లక్షల మంది భారతీయులు అడవుల గుండా కాలినడకన వెనక్కి వచ్చారు. 1962 సైనిక కుట్ర తర్వాత, దుకాణాలను జాతీయం చేయడంతో, మరోసారి వేల కుటుంబాలు ఓడలెక్కాయి. విశాఖలో బర్మా క్యాంపు ఆ జ్ఞాపకంగానే మిగిలింది. మద్రాసులో 1969లో మొదలైన బర్మా బజారు కూడా తిరిగివచ్చినవాళ్లదే. అదే ఏడాది బర్మా, శ్రీలంకల నుంచి తిరిగివచ్చినవాళ్ల పునరావాసం కోసం కేంద్ర ప్రభుత్వం రెప్కో బ్యాంకు పెట్టించింది. సహకార పద్ధతిలో ఏర్పడిన ఆ బ్యాంకు ఇప్పటికీ నడుస్తోంది.

ఇప్పుడు హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్ చూడండి. 2012లో బర్మాలోని రఖైన్ రాష్ట్రంలో జరిగిన అల్లర్ల తర్వాత వచ్చిన రోహింగ్యాలు అక్కడ గుడిసెల్లో, చిన్న అద్దె గదుల్లో ఉంటున్నారు. తుక్కు ఏరడం, కూలి పని ప్రధాన ఆధారం. కొత్తవాళ్లకు చోటు చూపడం, ఆసుపత్రిలో మాట కలపడం, పని దొరికే చోటు చెప్పడం ఇక్కడా ముందొచ్చినవాళ్లే చేస్తున్నారు. బర్మా క్యాంపువాళ్లదీ వీళ్లదీ ఒకే దేశం నుంచి వచ్చిన కథ. కానీ అప్పుడు వచ్చినవాళ్లు భారత పౌరులుగా దిగారు. వాళ్ల పరస్పర సాయం బజారయింది, బ్యాంకు దాకా వెళ్లింది. రోహింగ్యాలకు 1982 చట్టంతో బర్మా పౌరసత్వమే లేకుండా చేసింది. 1951 శరణార్థి ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు కాబట్టి ఇక్కడ ఐరాస కార్డు ఉన్నా చట్టబద్ధంగా పనిచేసే హక్కు రాదు. పిల్లల బడి విషయంలోనే, ముందు ప్రభుత్వ బడిని అడగాలని, నిరాకరిస్తే హైకోర్టుకు వెళ్లవచ్చని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పాల్సివచ్చింది. ఒకరికొకరు తోడుండే గుణంలో రెండు సమూహాలకూ తేడా లేదు. తేడా అంతా చేతిలో ఉన్న కాగితంలో ఉంది.

తమిళనాడులోని శ్రీలంక తమిళులది ఈ రెండింటికీ మధ్యస్థితి. 1983 అల్లర్ల తర్వాత వచ్చినవాళ్లు 1984లోనే తమ సొంత సంస్థ పెట్టుకున్నారు. దాని పేరు ఓఫర్. ఎస్.సి. చంద్రహాసన్ నాయకత్వంలో అది పిల్లల చదువు మీద పట్టుబట్టి పనిచేసింది. చదువుకున్న తరం తయారైంది. కానీ పౌరసత్వం లేక ఆ చదువుకు తగ్గ ఉద్యోగాల తలుపులు చాలామందికి మూసుకునే ఉన్నాయి.

కంచె ఉన్న చోట, లేని చోట

కెన్యా పక్కనే ఉన్న ఉగాండా 2006 చట్టంతో శరణార్థులకు పని చేసుకునే, తిరిగే హక్కు ఇచ్చింది. స్థావరాల్లో కొంత నేల కూడా ఇస్తుంది. 2007లో కంపాలాలో కాంగో యువకులు కలిసి యారిడ్ అనే సంస్థ మొదలుపెట్టారు. ఫుట్‌బాల్ ఆటతో, ఇంగ్లీషు పాఠాలతో మొదలైన ఆ సంస్థ తర్వాత వృత్తి శిక్షణ దాకా ఎదిగింది. శరణార్థులే నడిపే ఇలాంటి సంస్థలు కంపాలాలో చాలా ఉన్నాయి. ఉగాండాలో అంతా బాగుందని కాదు. జనం పెరిగేకొద్దీ నేల ముక్కలు చిన్నవయ్యాయి, అక్కడా రేషన్ తెగింది. కానీ పొదుపు బృందం నుంచి తీసుకున్న డబ్బుతో పక్క ఊరి సంతకు వెళ్లి సరుకు కొనడానికి అక్కడ కెన్యాలోలా అనుమతి చీటీ అక్కర్లేదు.

దాతల వైపు లెక్క కూడా చూడాలి. మానవీయ సాయంలో కనీసం 25 శాతం స్థానిక, జాతీయ సంస్థలకు వీలైనంత నేరుగా 2020కల్లా చేరాలని 2016లో పెద్ద దాతలు, సంస్థలు ఒప్పుకున్నాయి. ఆ లక్ష్యానికి చాలా దూరంలోనే ఆగిపోయాయి. శరణార్థులే నడిపే సంస్థలకు అందేది అందులోనూ చిల్లర. బ్యాంకు ఖాతా, ఆడిట్, రిజిస్ట్రేషన్ అడుగుతారు. గుర్తింపు కార్డే లేని మనిషి రిజిస్ట్రేషన్ ఎక్కడ చేయించాలి?

నాలుగో వర్గం

కెన్యా 2021లో కొత్త శరణార్థి చట్టం చేసింది. 2025 మార్చిలో షిరికా ప్రణాళికను ప్రారంభించింది. శిబిరాలను క్రమంగా మామూలు పట్టణాలుగా మార్చి, శరణార్థులూ స్థానికులూ కలిసి ఉండేలా చేస్తామన్నది దాని సారాంశం. 2016లో దదాబ్‌ను మూసేస్తామని ప్రకటించి, 2017లో హైకోర్టు అడ్డుకోవడంతో ఆగిన ప్రభుత్వ వ్యవస్థ ఇంత దూరం రావడం పెద్ద మార్పే. పని అనుమతులు నిజంగా చేతికొస్తాయా, దదాబ్ నుంచి నైరోబీ బస్సు పాస్ లేకుండా ఎక్కగలరా అన్నదాన్ని బట్టే దాని విలువ తేలుతుంది.

ఈలోగా డబ్బు లేక 2025 ఆగస్టులో ప్రపంచ ఆహార కార్యక్రమం కొత్త పద్ధతికి మారింది. కుటుంబాలను అవసరాన్ని బట్టి నాలుగు వర్గాలుగా విడదీసింది. మొదటి వర్గానికి ఎక్కువ, తర్వాతివాళ్లకు తక్కువ, సొంతంగా నిలబడగలరనుకున్న నాలుగో వర్గానికి ఏమీ లేదు. ఉన్నది కొంచెమే అయినప్పుడు ముందు నిరుపేదలకు ఇవ్వాలన్నదాన్ని కాదనడం కష్టం.

కానీ ఈ లెక్కలో ప్రతి కుటుంబం ఒక విడి గది. నాలుగో వర్గంలోకి వచ్చేది ఎవరు? చిన్న అంగడి ఉన్నవాళ్లు, బయటి నుంచి నెలనెలా డబ్బు వచ్చేవాళ్లు, ఇన్సెంటివ్ పని ఉన్నవాళ్లు. పక్కింటి వితంతువుకు పద్దు రాసుకుని పిండి ఇచ్చేది వాళ్లే. అయూటోలో ఆమె వాయిదా తప్పినప్పుడు ఓర్చుకునేదీ, కొత్తగా వచ్చిన బంధువుల కుటుంబాన్ని ఇంట్లో పెట్టుకునేదీ వాళ్లే. అంగడివాడి రేషన్ ఆగితే అతను ముందు తన ఇంటి ఖర్చు చూసుకుంటాడు, ఆ తర్వాత పాత బాకీలు అడుగుతాడు, ఆ తర్వాత కొత్త అరువు ఆపేస్తాడు. మొదటి వర్గంలోని ఆ వితంతువుకు సంస్థ లెక్క ప్రకారం వచ్చేది కాస్త ఎక్కువే. నెల మధ్యలో పిండి అయిపోయినప్పుడు ఆమె వెళ్లి నిలబడే గుమ్మం మాత్రం ఆ నాలుగో వర్గంవాళ్లదే.